ఇంజనులో చిన్న తూము

మన ఊళ్ళలో ఇప్పుడు బాడుగ కార్లు చాలా తిరుగుతున్నాయి. పురిటి నొప్పులు వస్తే కారులోనే ఆసుపత్రికి పోతున్నాం. పెళ్ళికి, తీర్థానికి కారు మాట్లాడుకుంటున్నాం. అప్పు చేసి కారు కొని, దాని మీదే బతికే కుటుంబాలు ఉన్నాయి. కారు ఆగితే వాళ్ళ సంపాదన ఆగినట్టే. అప్పు వాయిదా మాత్రం ఆగదు.

కారు నడిపేవారికి పెద్ద భయం ఇంజను వేడెక్కడం. అందుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, ఒక చిన్న భాగం చెడిపోవడం. దాని పేరు థర్మోస్టాటు. అది అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ అది చెడిపోతే పెద్ద ఇంజనే పాడవుతుంది. దాని సంగతి తెలుసుకుందాం.

థర్మోస్టాటు చేసే పని

చెరువుకు తూము ఉంటుంది. తూము తెరిస్తే నీళ్ళు కాలువలోకి పోతాయి. మూస్తే చెరువులోనే ఉంటాయి. ఇంజనుకు థర్మోస్టాటు అలాంటి తూమే. చెరువు తూమును మనిషి తెరవాలి. ఈ తూము వేడికి తనంతట తానే తెరుచుకుంటుంది.

ఇంజనులో పెట్రోలో, డీజిలో మండుతుంది. వేడి పుడుతుంది. ఆ వేడిని తీసుకుపోవడానికి ఇంజను లోపలి దారుల్లో నీళ్ళు తిరుగుతాయి. ఈ నీళ్ళలో కూలెంటు అనే మందు కలిపి ఉంటుంది. చాలా కార్లకు ముందు భాగంలో రేడియేటరు ఉంటుంది. వేడి నీళ్ళు అందులోకి వచ్చి, గాలికి చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతాయి.

పొద్దున్నే కారు స్టార్టు చేస్తాం. అప్పుడు ఇంజను చల్లగా ఉంటుంది. చల్లని ఇంజను నూనె ఎక్కువ తాగుతుంది. ఎక్కువ అరుగుతుంది. అందుకని అప్పుడు థర్మోస్టాటు మూసుకొని ఉంటుంది. నీళ్ళు రేడియేటరులోకి పోవు. ఇంజనులోనే తిరుగుతాయి. ఇంజను త్వరగా వేడెక్కుతుంది. తగినంత వేడి రాగానే థర్మోస్టాటు తెరుచుకుంటుంది. నీళ్ళకు రేడియేటరు దారి దొరుకుతుంది.

తనంతట తాను ఎలా తెరుచుకుంటుంది? దాని లోపల చిన్న లోహపు డిబ్బీ ఉంటుంది. అందులో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి ఒక కడ్డీని నెడుతుంది. మూత తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగు మూతను మళ్ళీ మూసేస్తుంది.

అంకె చదవండి

చాలా థర్మోస్టాట్ల మీద ఒక అంకె ఉంటుంది. 82 అనో, 88 అనో ఉంటుంది. అన్ని డిగ్రీల సెంటీగ్రేడు వేడి దగ్గర మూత తెరుచుకోవడం మొదలవుతుందని దాని అర్థం. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10, 15 డిగ్రీలు పడుతుంది. కొత్తది కొనేటప్పుడు ఈ అంకె చూసి కొనండి. మీ కారు పుస్తకంలో ఎంత ఉందో అంతే ఉండాలి. "ఏదైనా ఒకటే" అని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అంకెలు నేర్చుకున్నది ఇలాంటి చోట అక్కరకు వస్తుంది.

జబ్బులు రెండు

మొదటి జబ్బు: మూత మూసుకొని బిగుసుకుపోవడం. నీళ్ళు రేడియేటరులోకి పోవు. ఇంజను మండిపోతుంది. డ్రైవరు ముందున్న వేడి ముల్లు పైకి పోతుంది. కొన్ని కార్లకు ముల్లు ఉండదు, ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంజను మండుతున్నా రేడియేటరు మాత్రం చల్లగా ఉంటుంది.

రెండో జబ్బు: మూత తెరుచుకొనే ఉండిపోవడం. చాలా దూరం పోయినా ముల్లు కింద నుంచి లేవదు. మైలేజీ తగ్గుతుంది. దీనితో కారు ఆగదు. అందుకని చాలామంది పట్టించుకోరు. కానీ రోజూ నూనె డబ్బు వృథా. ఇంజనూ త్వరగా అరుగుతుంది.

ఇంజను వేడెక్కితే తప్పంతా థర్మోస్టాటుదే అనుకోకండి. నీళ్ళు తగ్గి ఉండవచ్చు. పైపు కారుతూ ఉండవచ్చు. ఫ్యాను తిరగకపోవచ్చు. నీళ్ళ పంపు చెడి ఉండవచ్చు. రేడియేటరులో చెత్త పేరుకొని ఉండవచ్చు. ఇవన్నీ చూడాలి.

తీసి పారేయవచ్చా?

డ్రైవరు: అన్నా, థర్మోస్టాటు పట్టేసింది అంటున్నావు కదా. తీసి పారెయ్. మనది ఎండల దేశం. మనకెందుకది?

మెకానిక్కు: తూము పాడైతే బాగుచేసుకుంటాం గానీ, చెరువు గట్టు తెగ్గొడతామా తమ్ముడూ?

డ్రైవరు: తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటరులోనే తిరుగుతాయి. మంచిదే కదా?

మెకానిక్కు: అన్ని ఇంజన్లలో అలా కాదు. కొన్నింటిలో థర్మోస్టాటు రెండు పనులు చేస్తుంది. రేడియేటరు దారి తెరుస్తుంది, పక్కనున్న అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్ళు కొన్ని అడ్డదారిన మళ్ళీ ఇంజనులోకే పోతాయి. అప్పుడు ఎండాకాలంలో, కొండ ఎక్కేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది.

డ్రైవరు: అడ్డదారి లేని ఇంజనైతే?

మెకానిక్కు: అప్పుడు ఇంజను చల్లగానే ఉంటుంది. నూనె తాగుతుంది. ఇవాళ మిగిలిందనుకున్న డబ్బు రోజుకింత పోతుంది.

డ్రైవరు: మరి అలాగే నడిపితే?

మెకానిక్కు: హెడ్డు వంగుతుంది. గ్యాస్కెట్టు కాలుతుంది. చిన్న సామానుతో పోయేది ఇంజను విప్పే దాకా వస్తుంది. బండి నా షెడ్డులో ఉంటే నీకు బాడుగ ఎవరిస్తారు?

డ్రైవరు: సరే అన్నా. కొత్తదే వెయ్యి. ముందు పాతది నిజంగా చెడిందో లేదో చూద్దాం.

పరీక్ష చేసే పద్ధతి

1. పూర్తిగా చల్లారిన ఇంజను నుంచే థర్మోస్టాటు తీయాలి.

2. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాటును దారంతో వేలాడదీయాలి. అది గిన్నె అడుగుకు తగలకూడదు.

3. నీళ్ళు వేడి చేయాలి. మూత ఎప్పుడు కదులుతుందో చూడాలి. వేడి కొలిచే థర్మామీటరు ఉంటే నీళ్ళలో పెట్టాలి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. అది 42 డిగ్రీల దాకానే చూపిస్తుంది.

4. నీళ్ళు తెర్లే వేళకు మూత తెరుచుకొని ఉండాలి. తెరుచుకోకపోతే అది చెడినట్టే.

5. బయటకు తీసి చల్లార్చాలి. మూత పూర్తిగా మూసుకోవాలి. మూసుకోకపోయినా చెడినట్టే.

ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు. కూలెంటు విషం. అది తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు తాగే ప్రమాదం ఉంది. పాత కూలెంటును నేల మీద పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా పెట్టండి. కొన్ని కొత్త కార్లలో కరెంటుతో పనిచేసే థర్మోస్టాటు ఉంటుంది. దాన్ని ఇలా పరీక్ష చేయలేం. మెకానిక్కుకు చూపించాలి.

దారిలో ముల్లు పైకి పోతే

కారును పక్కకు తీసి ఆపండి. ఏసీ కట్టేయండి. ఇంజను ఆపండి. మనుషులను దింపి దూరంగా నిలబెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: వేడి మీద రేడియేటరు మూత తీయకండి. లోపల నీళ్ళు ఒత్తిడిలో ఉంటాయి. అందుకే 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోతుంది. నీళ్ళు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. చూపు పోవచ్చు. గుడ్డ చుట్టి తీసినా కాలుతుంది. ఎంత తొందరైనా కనీసం అరగంట ఆగండి. చల్లారలేదనిపిస్తే ఇంకా ఆగండి. ఆసుపత్రికి పోయే మనిషి కారులో ఉంటే మూత జోలికి పోకండి. 108కు ఫోను చేయండి, లేదా ఇంకో బండి ఎక్కించండి.

మండే ఇంజనులో చన్నీళ్ళు పోయకండి. హెడ్డు పగలవచ్చు.

బోరు నీళ్ళు వద్దు

నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, చూశారు కదా. బోరు నీళ్ళు పోస్తే ఇంజను లోపల కూడా అలాగే పొర కడుతుంది. థర్మోస్టాటు బిగుసుకుపోతుంది. రేడియేటరు దారులు మూసుకుపోతాయి. కంపెనీ చెప్పిన కూలెంటు పోయండి. కలపాల్సి వస్తే డిస్టిల్డు వాటరు కలపండి. ఎంతకు ఎంత కలపాలో కూలెంటు డబ్బా మీద రాసి ఉంటుంది. చదివి పోయండి.

ఆలోచించి చెప్పండి

1. ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాటు ఎందుకు మూసుకొని ఉంటుంది?

2. ఒక థర్మోస్టాటు మీద 82 అని ఉంది. నీళ్ళు 95 డిగ్రీలకు వచ్చినా మూత కదలలేదు. అది మంచిదా, చెడిందా?

3. మీ ఊరి డ్రైవరు వేడి ఇంజను మూత తీయబోతున్నాడు. అతనికి మీరు ఏం చెబుతారు? మూడు వాక్యాలు రాయండి.