సూట్‌కేస్ సంగతి తర్వాత, ముందు ఐ-20

సమస్య: మాది అనకాపల్లి జిల్లా కోటవురట్ల. మా అబ్బాయి విశాఖలో బీటెక్ పూర్తి చేశాడు. అమెరికాలో ఎంఎస్‌కి సీటు వచ్చింది. అప్లికేషన్లు, వీసా ఫారం అన్నీ కన్సల్టెన్సీ వాళ్లే చూస్తున్నారు. ‘మూడు నెలల్లో పార్ట్‌టైమ్ దొరుకుతుంది, అప్పు మీ వాడే తీర్చేస్తాడు’ అంటున్నారు. చెరకు పొలం తాకట్టు పెట్టి బ్యాంకు లోన్ తీసుకుంటున్నాం. వాడికి అన్నం వండుకోవడం కూడా రాదు. దుప్పట్లు, కుక్కర్లు, పచ్చళ్లు అని ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. అసలు ఏం సిద్ధం చేసి పంపాలి?
- ఒక తల్లి, కోటవురట్ల

సలహా: అమ్మా, కుక్కర్ అక్కడా దొరుకుతుంది. మీ ఉత్తరంలో భయపెట్టే మాట వేరే ఉంది. ‘అన్నీ కన్సల్టెన్సీ వాళ్లే చూస్తున్నారు’ అన్నారే, అది.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. అక్కడ పేరు నమోదైనవారిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. యూనివర్సిటీ నడిపిన సుసాన్ సూ అనే ఆమెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ ఇంకా చేదు. అది అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. వెబ్‌సైట్ ఉంది, విదేశీ విద్యార్థులను చేర్చుకోవచ్చని ప్రభుత్వం గుర్తించిన కాలేజీల జాబితాలో పేరూ ఉంది. తరగతి గది లేదు, పాఠం చెప్పే మనిషి లేడు. 2019 జనవరి నెలాఖరున 130 మంది విద్యార్థులను పట్టుకుంటే వారిలో 129 మంది భారతీయులే, తెలుగువాళ్లే ఎక్కువ. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మంది మీద కేసు పెట్టారు.

కాబట్టి జాబితాలో పేరు చూసి ఊరుకుంటే చాలదు. అబ్బాయి తన సొంత మెయిల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి రాసి, మొదటి సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టులు, ఎవరు చెబుతారు, తరగతులు ఎక్కడ అని అడగాలి. ఇప్పుడక్కడ చదువుతున్న సీనియర్ ఒకరితో మాట్లాడాలి. పాస్‌వర్డ్‌లన్నీ తన దగ్గరే ఉండాలి. డీఎస్-160 అనే వీసా ఫారంలో తప్పు దొర్లితే అధికారి నిలదీసేది అబ్బాయినే, కన్సల్టెన్సీని కాదు. ఖాతాలో చూపించడానికి డబ్బు సర్దుతామని ఎవరన్నా ఒప్పుకోకండి. సీటు ఇచ్చిన యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితాన్ని మొదటి గీత నుంచి చివరి సంతకం దాకా అబ్బాయే చదివి, మీకూ వాళ్ల నాన్నగారికీ తెలుగులో విడమరిచి చెప్పాలి. అలా చెప్పగలిగితే హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి సగం సిద్ధమైనట్టే.

ఇక అప్పు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాడు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో బయట ఉద్యోగమే కుదరదు. గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్‌లోనో చేతికి నగదిచ్చే పనికి కుదిరితే వీసాకే ఎసరు. ఆ సంపాదన లెక్కలో వేసుకుని పొలం తాకట్టు పెట్టడం చాలా ప్రమాదం. ఏడాది ఖర్చు ఎంతవుతుందో యూనివర్సిటీ ఐ-20 మీదే అంకెల్లో రాస్తుంది. దానికి విదేశీ విద్యార్థుల నమోదు కోసం కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా ఫీజు, టికెట్ కలపండి. మొదటి ఏడాదికి ఈ మొత్తం చేతిలో ఉంటేనే ముందుకు వెళ్లండి. చదువు రోజుల్లో వడ్డీ ఎలా పెరుగుతుందో బ్యాంకు మేనేజర్ చేత కాగితం మీద రాయించుకోండి. విద్యారుణం నుంచి ఫీజు పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పడదు.

బయల్దేరే ముందు పళ్లు, కళ్లు చూపించండి. అక్కడి విద్యార్థి ఇన్సూరెన్స్‌లు చాలావాటిలో వీటి వైద్యం ఉండదు. తట్టు టీకా వేసిన రుజువు లేకపోతే చాలా యూనివర్సిటీలు రిజిస్ట్రేషన్ ఆపుతాయి. చిన్నప్పటి టీకా కార్డు ఇప్పుడే వెతకండి. పచ్చళ్లలో ఆవకాయ పరవాలేదు కానీ కోడి, మటన్ పచ్చళ్లు వద్దు. తినే వస్తువు ఏది ఉన్నా అక్కడి కస్టమ్స్ అధికారులకు దాచకుండా చెప్పాలి. అన్నం, పప్పు, ఒక కూర ఇప్పటినుంచే రోజూ అబ్బాయి చేతే వండించండి.

మరో మాట, మన పిల్లలకు ఎవరూ చెప్పనిది. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. మన వరాహ నదిలో ఈదిన అలవాటు చలిదేశాల నీళ్లలో అక్కరకు రాదు. అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పండి.

విదేశాల్లోని భారతీయులకు సాయం కోసం మన విదేశాంగ శాఖ నడిపే ‘మదద్’ పోర్టల్‌లో అబ్బాయి పేరు నమోదు చేయించండి. టికెట్ కొనే ముందు ఐ-20 మీద కోర్సు మొదలయ్యే తేదీ చూడండి, దానికి 30 రోజులకన్నా ముందు అమెరికాలోకి రానివ్వరు.