ఉప్పు, పులుపు, స్టీలు పాత్ర

స్టీలు డబ్బాలో ఆవకాయ నిలువ ఉంచవచ్చునా అని అడుగు గృహిణులు పలువురు. తుప్పు పట్టని లోహము గదా, దోషమేమని వారి తర్కము. తుప్పు పట్టకపోవుట ఆ లోహము యొక్క స్వభావము కాదు. దానిని కప్పియున్న ఒక పలుచని పొర యొక్క గుణము. ఆ పొర ఎట్టిదో, దేనికి లొంగునో తెలిసినచో ఈ ప్రశ్నకు సమాధానము తేలికయగును.

ఇనుములో కనీసము 10.5 శాతము క్రోమియము కలిసినప్పుడే దానిని స్టెయిన్‌లెస్ స్టీలు అందురు. ఈ క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కూడి లోహముపై ఆక్సైడు పొరగా ఏర్పడును. దాని మందము కొన్ని నానోమీటర్లు మాత్రమే. వెంట్రుక మందములో పదివేలవ వంతు కూడ ఉండదు. గరిటె గీచి పొర చిరిగినను, గాలి తగిలినంతనే ఆ చోట కొత్త పొర కట్టును. చర్మముపై గాయము మానినట్లే ఇదియు మానును. అయితే అందుకు ప్రాణవాయువు అందవలెను.

1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టములకు తగిన ఉక్కును వెదకుచు, క్రోమియము కలిసిన ఉక్కును ఆమ్లములు సులభముగా తినివేయలేకపోవుట గమనించెను. భోజనపు కత్తులకు అది పనికివచ్చునని గ్రహించెను. కావున పులుపొక్కటే ఈ పాత్రకు పెద్ద శత్రువు కాదు. చారు, పులుసు కాచి ఆ పూటకు వడ్డించుకొనుటలో చింతింపవలసినది లేదు.

అసలు శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరలో బలహీనమైన చోటును పట్టుకొని సన్నని రంధ్రము చేయును. రంధ్రములో కరిగిన లోహము నీటితో చర్య జరిపి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము మరింత లోహమును కరిగించును. వెలుపలి క్లోరైడు ఇంకను లోనికి లాగబడును. పైకి సూదిమొన యంత మచ్చ, లోపల గుహ! బయటి పదార్థము కూడ పుల్లనిదైనచో పొర మరల కట్టుకొనుట మరింత కష్టము. ఆవకాయలో ఉప్పు, పులుపు రెండును నెలల తరబడి కదలక యుండును. ముక్కలు డబ్బా గోడకు అంటుకొనిన చోటను, మూత అంచు సందులోను ప్రాణవాయువు చాలదు. గాయము మానక, లోహము అచ్చటనే కరుగనారంభించును. మాగాయ, ఊరవేసిన నిమ్మకాయ, ఉప్పు కలిపి దంచిన చింతకాయ తొక్కు విషయమును ఇంతే.

సుశ్రుతుని కాలమున ఈ స్టీలు లేదు. అయినను సుశ్రుత సంహిత సూత్రస్థానమున అన్నపానవిధిని చెప్పుచు, నేతిని ఇనుప పాత్రలోను, పుల్లని మజ్జిగ వంటకములను రాతి పాత్రలలోను, రాగషాడవములను గాజు, స్ఫటిక పాత్రలలోను వడ్డింపవలెనని నిర్దేశించిరి. మన రాచిప్ప పులుసు, ఊరగాయ జాడీ ఆ దారిలోనివే. బరువని జాడీని అటకెక్కించినవారు దానిని దింపుకొనుట మేలు. గాజు సీసాయైనను చాలును.

కరిగిన లోహము ఆహారములో చేరును. 2013లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టీలు పాత్రలలో టమాటా రసము వండి చూచిరి. కొత్త పాత్రలో నికెల్, క్రోమియము ఎక్కువగా దిగినవి, వండినకొలది తగ్గినవి. పదవసారి కూడ 126 గ్రాముల వడ్డనలో సగటున 88 మైక్రోగ్రాముల నికెల్ చేరెను. ఆరోగ్యవంతులు ఇందుకు భయపడనక్కరలేదు. కాని గిల్టు కమ్మలు ధరించినంతనే చెవి చీము పట్టి దురద పుట్టువారు కొందరున్నారు. వారిలో కొందరికి ఆహారములోని నికెల్ వలన చేతుల గజ్జి హెచ్చును. అట్టివారు కొత్త స్టీలు పాత్రలో పులుపు పదార్థములను చిరకాలము ఉడికింపరాదు.

పాత్రలు కొనునప్పుడు అయస్కాంతము అంటుకొననిచో మేలైనదని నమ్ముదురు. ఇది సరిగాదు. 18 శాతము క్రోమియము, 8 శాతము నికెల్ గల 304 రకమునకును, నికెల్ తగ్గించి మాంగనీసు చేర్చిన చౌక రకములకును కూడ అయస్కాంతము సాధారణముగా అంటదు. 316 రకములో 2 నుండి 3 శాతము మాలిబ్డినము ఉండుటచే ఉప్పును మరింత ఓర్చును. అదియును జాడీకి సాటి రాదు. 2024లో కేంద్రప్రభుత్వము స్టీలు వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పనిసరి చేయుచు ఉత్తర్వు వెలువరించినది. ఆ ముద్రను చూచి కొనుడు.

ఇత్తడికి వలె ఉప్పు, చింతపండు కలిపి స్టీలును తోమి నాననీయకుడు. ఇనుప పీచు వాడినచో దాని తునకలు పాత్రపై నిలిచి తుప్పు పట్టును, కొబ్బరిపీచు చాలును. బ్లీచింగు నీటిని అందులో ఉంచకూడదు. చన్నీటిలో కల్లుప్పు వేసి పొయ్యిపై పెట్టినచో, కరుగని ఉప్పు అడుగున నిలిచి అచ్చటనే గుంటలు పడును. నీరు మరిగిన పిమ్మట ఉప్పు వేసి కలియబెట్టవలెను.