చెంబెడు మంచినీళ్లు

చదువవలసిన భాగములు: మత్తయి 10:40–42, ఆదికాండము 24:10–20, యోహాను 4:5–9



దప్పిగొన్న వానికి చల్లని నీళ్లు ఇచ్చినవాడు తన ఫలమును పోగొట్టుకొనడని ప్రభువు శిష్యులకు చెప్పెను. కాలువ గట్టున కాపురముండు వారికి ఈ మాట చిన్నదిగా తోచవచ్చును. మార్కాపురము, కంభము, గిద్దలూరు వైపున నున్న మనకు అట్లు తోచదు. మన బోరునీళ్లలో అనేకచోట్ల ఫ్లోరైడు ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీళ్లు ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును. అది మరీ ఎక్కువైనచోట్ల కీళ్లు బిగిసి నడుము వంగును. కాచినను అది పోదు. కాబట్టి వాడుకకు బోరునీళ్లు, త్రాగుటకు కొన్న క్యాను నీళ్లు అని వేరుచేసి పెట్టుకొనుచున్నాము. వేసవిలో ఆ క్యాను అడుగంటిన దినమున గడపయొద్ద ఎవరైన నిలిచి “అమ్మా, కాసిని మంచినీళ్లు” అని అడిగినయెడల మన చేయి ఏ బిందెవైపు పోవును?

రిబ్కాను ఆ దాసుడు అడిగినది కొంచెము నీళ్లే. అతడు ఆమె ఎరుగని బాటసారి. ఆమె అతనికి ఇచ్చి, అతని పది ఒంటెలకును చేది పోసెను. దప్పిగొన్న ఒంటె ఒక్క విడతలో నూరు లీటర్ల వరకు త్రాగగలదు. బిందెలు మోసిన స్త్రీలకు ఆ సాయంకాలపు శ్రమ యెట్టిదో చెప్పనక్కరలేదు. పురుషులు లెక్క వేసికొని చూతురుగాక.

సమరయ స్త్రీయొద్ద మన ప్రభువే అడుగువాడాయెను. ఆయనకు చేదుటకు ఏమియు లేదు. ఆమె పాత్రతోనే త్రాగవలెను. యూదులు సమరయులతో కలియరని 9వ వచనములో నున్న మాటకు, వారితో పాత్రలు కలిపి వాడరని కొందరు పండితులు అర్థము చెప్పుదురు. ఆమె ఆశ్చర్యపడినది అందుకే కావచ్చును.

మన పెద్దలకు ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. ఊరిబావి మెట్టు ఎక్కనీయక, దోసిలి పట్టించి పైనుండి నీళ్లు పోసిన దినములు వారు చూచిరి. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కరుగారు చౌదారు చెరువు నీళ్లు త్రాగి చూపినది ఆ కట్టడిని త్రోసివేయుటకే.

1876–78 కరవులో ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును కంట్రాక్టు తీసికొనిరి. పని చూచుటకు నిలిచినవారు ఆయన బోధకులే. మట్టి మోసి అలసినవారు కూలబడినప్పుడు వీరును వారి ప్రక్కన కూర్చుండి కష్టసుఖములు మాటలాడిరి. కూటికొరకు ఎవరును సంఘములో చేరకూడదని ఆ కాలమున బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద, మన కంభము చెరువును నింపు గుండ్లకమ్మలోనే, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. ప్రక్కన కూర్చుండిన సంగతి అంతగా చెప్పుకొనము.

ఇప్పుడు సిగ్గుతో ఒప్పుకొనవలసినది ఒకటి యున్నది. దోసిలి పట్టినవారి మనుమలమైన మన ఇండ్లలోనే, కూలికి వచ్చిన పరదేశికి, నల్లమల దిగి తేనె తెచ్చిన చెంచు స్త్రీకి వేరు గ్లాసు తీయువారున్నారు. “వాళ్లకు బోరునీళ్లు అలవాటే” అను మాటయు మనము వినియున్నాము. విని ఊరకుండినవారిలో మేమును ఉన్నాము.

వేసవిలో గుడిముందు చలివేంద్రము పెట్టు సంఘములు ఈ సంగతి చూచుకొనవలెను. ఇంట పిల్లలకు ఇచ్చు నీళ్లే కుండలో పోయుడి. పొడుగు కాడ గరిటె ఉంచినయెడల కుండలో చేయి పెట్టు పని యుండదు. గ్లాసులు ఒక్క వరుసలోనే ఉండవలెను. త్రాగినది ఎవరైనను కడుగుట ఒకే రీతిగా జరుగవలెను. క్యానుల ఖర్చు ఎవరెవరు పెట్టుకొందురో వచ్చు ఆదివారము స్త్రీల కూటములో మాటలాడుకొనుడి. ఆ కూటమునకు పురుషులనుకూడ పిలువుడి.