పెంపుడు బాతుల కాళ్ల జబ్బులు

బాతు నడక చూచి నవ్వని పిల్లలు అరుదు. ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు వేయుచు, తోక ఆడించుచు, ఎదురు వచ్చినవారికి దారి యీయక అది పోవు తీరే ఒక వేడుక. ఆ ఊగుడు దానికి పుట్టుకతో వచ్చినది. నీటిలో తెడ్లవలె త్రోయుటకు వీలుగా దాని కాళ్లు దేహమునకు కొంత వెనుకగా, ఎడముగా అమరియున్నవి. అందుచేత గట్టుమీద నడచునపుడు అడుగడుగునకు బరువు ప్రక్కకు ఒరగును. ఊగుట సహజము, కుంటుట సహజము కాదు. బాతులను పెంచువారు మొదట గుర్తింపవలసిన భేదము ఇదియే. కుంటు బాతు మందలో వెనుకబడును. మేతవద్దకు ఆలస్యముగా చేరును. మిగిలినవి తిని పోయిన తరువాత తొట్టి నాకును. కాలిలో పుట్టిన జబ్బు కొద్ది దినములలో దేహమంతటిని క్రుంగదీయును.

బాతు కాలిని ఒకమారు నిదానముగా పరిశీలింపుడు. నడుమ వెనుకకు వంగు కీలును మనము మోకాలందుము గాని, అది నిజముగా మడమకీలు. అసలు మోకాలు ఈకల మాటున, కడుపు ప్రక్కన దాగియుండును. మడమకీలు మొదలు వ్రేళ్లవరకు నిలువుగా కనబడు భాగము మన పాదములోని యెముకలవంటి యెముకలు కలిసి పొడుగైనట్టిది. అనగా బాతు ఎల్లప్పుడును మునివ్రేళ్లపైననే నడచుచున్నదన్నమాట! ముందరి మూడు వ్రేళ్లను ఒక పలుచని తోలు కలుపును; వెనుక ఒక చిన్న వ్రేలు కలదు. అరికాలి చర్మము మెత్తనిది. అది బురదకును, గడ్డికిని, నీటికిని తగినదేగాని సిమెంటు నేలకును, కంకరకును తగినది కాదు.

మన యిండ్లలో బాతుగ్రుడ్లను తరచుగా పొదుగు కోడిక్రింద పెట్టుదురు. సుమారు 28 దినములకు పిల్లలు వెలువడును. కోడిపిల్లలకు వేసినట్లే వానికిని నూకలో, ఉడికిన తెల్లని అన్నమో వేయుదురు. రెండు మూడు వారములు గడచునప్పటికి ఒక పిల్ల లేవక కూర్చుండిపోవును. లేపిన నాలుగడుగులు వేసి చతికిలబడును. మడమకీళ్లు ఉబ్బును, దొడ్డికాళ్లు పడును, రెక్కలు నేలకానించి ప్రాకుటకు ప్రయత్నించును. ఇంటిలో ఒకరు చలి తగిలినదందురు, ఒకరు పిల్లి త్రొక్కినదందురు, మరియొకరు దిష్టి అందురు. కారణము తరచుగా మేత గిన్నెలోనే యున్నది.

నయాసిన్ అను బి-3 విటమిను కోడిపిల్లకంటె బాతుపిల్లకు చాల ఎక్కువ కావలెను. కిలో దాణాలో కోడిపిల్లకు 30 మిల్లీగ్రాముల ప్రాంతము సరిపోవగా, బాతుపిల్లకు సుమారు 55 మిల్లీగ్రాములు వలయును. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అను పదార్థమునుండి ఈ విటమినును శరీరములోనే తయారుచేసికొను శక్తి బాతుకు మిక్కిలి తక్కువ. అందుచేత ఒకే దాణా తిని కోడిపిల్ల గంతులు వేయుచుండగా, దాని ప్రక్కనే బాతుపిల్ల కూలబడుట వింత కాదు.

తెల్లబియ్యము పక్షుల కాళ్లను పడగొట్టునను సంగతి లోకమునకు తెలిసిన కథ జావాద్వీపమున జరిగినది. 1889–90 ప్రాంతమున బటేవియాలో, అనగా నేటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మాన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుచుండెను. ఆయన పెంచుచున్న కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు చచ్చుబడెను. విచారింపగా, సైనికాసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నమును వానికి వేయుచున్నట్లు తెలిసినది. ఇంతలో వంటవాడు మారెను. సైనికుల అన్నము కోళ్లకేల యని క్రొత్తవాడు నిరాకరించెను. ముతకబియ్యము తిన్న కోళ్లు లేచి తిరుగజొచ్చెను! తవుడులో ప్రాణాధారమైన పదార్థమొకటి కలదని రూఢియగుటకు మరి కొన్నియేండ్లు, మరి కొందరి కృషి పట్టినది. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆ కోళ్లకు లోపించినది బి-1. బాతుపిల్లలకు తరచుగా లోపించునది బి-3. బియ్యమును తెల్లగా మరపట్టించినపుడు ఈ రెండును తవుడుతోపాటు చాలవరకు పోవును. బి-3 కొరతయే మనుష్యులకు పెలాగ్రా అను వ్యాధిని తెచ్చును. దక్కనులో జొన్నయే ముఖ్యాహారమైనవారిలో ఆ వ్యాధి కనబడుటను గూర్చి హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్ మొదలగువారు 1960 ప్రాంతమున విశేషకృషి చేసిరి.

కావున బాతుపిల్లలకు వట్టి నూకలు వేయరాదు. వానిలో తవుడు, కొంచెము వేరుసెనగ చెక్క, ఉప్పు కలుపని ఎండుచేపల పొడి చేర్చి తడిపి పెట్టవలెను. ఉప్పుచేప పనికిరాదు, ఉప్పు ఎక్కువైన బాతులకు ప్రాణాపాయము. ఈస్టు దొరకిన అదియును మంచిదే. కాళ్లు తేలిపోయిన పిల్లకు మాత్రము మేత మార్చుటతో సరిపెట్టక, పశువైద్యుడు చెప్పిన మోతాదున నయాసిన్ నీళ్లలో కలిపి ఇయ్యవలెను. మొదటి దినములలోనే ఇచ్చిన పిల్ల త్వరగా నిలబడును. ఎముక వంగి గట్టిపడిన తరువాత ఎంత ఇచ్చినను కాలు తిన్నబడదు.

వేరుసెనగ చెక్క విషయమున ఒక అపాయము కలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు మించి టర్కీకోళ్లు కొద్ది నెలలలో చనిపోయెను, బాతుపిల్లలును చచ్చెను. బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ పిండిలో బూజు పుట్టించిన విషము ఇందుకు కారణమని తేలినది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. పెంపుడు పక్షులలో ఈ విషమునకు బాతుపిల్లవలె తేలికగా లొంగునది వేరొకటి లేదు. చెక్క ముక్క విరిచినపుడు ముక్కవాసన వచ్చినను, బూజు మచ్చ కనబడినను పారవేయవలెను. ఎండబెట్టినను, ఉడికించినను ఆ విషము పోదు. కాలు బాగుపరుపబోయి ప్రాణము పోగొట్టుకొనరాదు గదా!

మడమకీలు ఒకవైపే ఉబ్బి, కాలు ప్రక్కకు మెలితిరిగినచో, వెనుకనుండు నరము తన గాడినుండి జారినదని అనుమానింపవలెను. మాంగనీసు, కోలిన్ మొదలగువాని కొరత దీనికొక కారణము. జారిన మరునాడే చూపించిన వైద్యుడు సరిచేయవచ్చును. వారము దాటిన కష్టము.

ఇక నేల సంగతి. క్రొత్తగా పుట్టిన పిల్లలను వార్తాపత్రిక పరచిన పెట్టెలో ఉంచుట చాలమందికి అలవాటు. కాగితము జారును, పిల్ల కాళ్లు చెరియొక ప్రక్కకు చీలిపోవును. ముతక గుడ్డ పరచినచో ఈ బాధ రానేరాదు. వచ్చినచో మెత్తని గుడ్డపేలికతో రెండు కాళ్లను సహజమైన ఎడముండునట్లు వదులుగా కలిపి కట్టవలెను. పుట్టిన మొదటి దినములలోనైన తరచుగా కొద్ది రోజులలో సర్దుకొనును.

పెద్దబాతులకు వచ్చునది అరికాలి పుండు. మన ఆనెకాయవంటి నల్లని పెచ్చు అరికాలిలో కనబడును. చుట్టును వాపు, ముట్టిన వేడి. గరుకు నేలమీద, ఇనుప వలమీద తిరుగుటచేత చర్మము చిట్లి, స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవి లోనికి పోవును. బరువెక్కిన బాతులకును, ఎల్లప్పుడు తడిసిన నేలపై నుండువానికిని ఇది ఎక్కువ. బాతుకు నీరు ప్రియమే గాని, రాత్రి పడకకు పొడినేల కావలెను. వరిగడ్డిగాని ఊకగాని మందముగా పరచి, తడిసినదానిని ఏరోజుకారోజు తీసివేయవలెను. పుండు లేతగా నున్నపుడు కాలిని గోరువెచ్చని ఉప్పునీటిలో పది నిమిషములుంచి, తుడిచి, పొవిడోన్ అయోడిన్ పూసి, శుభ్రమైన గుడ్డ చుట్టి, పొడిగడ్డిపై ఉంచిన చాలును. పెచ్చును బ్లేడుతో పెకలించు సాహసము ఎవరును చేయరాదు. లోపల చీము గట్టిపడియుండిన అది వైద్యుని పని.

సంతలో కోళ్లను కాళ్లు పట్టి తలక్రిందుగా మోసికొనిపోవుట చూచుచున్నాము. కోడికే అది క్రూరము. బాతుకైతే కాలు విరిగినను, కీలు తప్పినను ఆశ్చర్యము లేదు. ఒక చేయి పొట్టక్రింద వేసి, రెక్కలను దేహమునకు అదిమి, చంకకానించుకొని ఎత్తవలెను. పిల్లలకు ఇది ముందుగా నేర్పుడు. చెరువుగట్టున పారవేసిన గాలపు దారము, గాలిపటపు దారము కాలికి చుట్టుకొని మాంసములోనికి కోసికొనిపోవుట కూడ కలదు. కుంటు బాతును పట్టినపుడు వ్రేళ్ల సందులు తప్పక చూడవలెను.

గ్రుడ్లు పెట్టు బాతు ఉన్నట్టుండి కాళ్లు చాపి కూర్చుండి ముక్కుచున్నచో, గ్రుడ్డు లోపల అడ్డుపడియుండవచ్చును. ఎముకల సున్నము గ్రుడ్డుపెంకుకు పోవుటచేతను కాళ్లు బలహీనమగును; గుల్లల పొడి వేరుగా ఒక చిప్పలో పెట్టిన అది తనకు కావలసినంత తినును. వేసవిలో చెరువు ఇంకి, మురుగుపట్టినచోట మేసిన బాతులకు మొదట కాళ్లు, పిదప రెక్కలు, కడపట మెడ వ్రాలిపోయినచో అది కాలిజబ్బు కాదు, బొటులిజమ్ అను విషబాధ. అట్లే పలుపక్షులు ఒకేమారు కూలబడినచో అంటువ్యాధి కావచ్చును. ఈ రెండింటిలోను ఒక్క పూటయైనను ఆలస్యము చేయరాదు.

ఇంటిలో మనుష్యులకై ఉంచిన నొప్పి మాత్రలు బాతులకు వేయరాదు. డైక్లోఫినాక్ అను అట్టి మందు పశువులకిచ్చుటచేత, వాని కళేబరములు తిన్న రాబందులు మన దేశమున దాదాపు అంతరించినవి. పశువైద్యమున దాని వాడుకను 2006లో నిషేధించిరి.

పశువైద్యశాలకు పోవునపుడు పెద్దలకు తోడుగా పిల్లలును పోవుట మంచిది. బడిలో రాజ్యభాష నేర్చినవారు మీరే గదా. బాతును కన్నడమున బాతుకోళి, తమిళమున వాత్తు, మరాఠీలో బదక, ఒడియాలో బతక అందురు. కుంటుటకు కన్నడమునను కుంటు అనియే మాట. పక్షి వయస్సు, ఏ కాలు, ఎన్నాళ్లనుండి, ఎన్ని పక్షులకు వచ్చినది, ఏ నేలపై పండుకొనును అను సంగతులు కాగితముమీద వ్రాసికొనుడు. వెదురుబుట్టలో గడ్డి పరచి బాతును కూర్చుండబెట్టి, అది దినదినము తిను మేతను ఒక పిడికెడు పొట్లము కట్టి వెంట తీసికొనిపొండు.