కథతో రంగులు, కథతో అక్షరములు

గ్రామాభివృద్ధి యనగానే మనకు బాట, బావి, కాలువ, వీధిదీపము గుర్తునకు వచ్చును. ఇవి కంటికి కనబడు పనులు. మూడేండ్ల బిడ్డ రంగు గుర్తించుట, ఆఱేండ్ల బిడ్డ మాటను కూడబలుకుకొని చదువుట అట్లు కనబడు పనులు కావు. అయినను గ్రామము యొక్క రేపటి బాగు వీనిపైననే ఆధారపడియున్నది. మూడవ తరగతి గడచినను చదువరాని బిడ్డకు పై తరగతుల పుస్తకములన్నియు మూసిన తలుపులే. అట్టి బిడ్డ బడికి వచ్చుచునే చదువునకు దూరమగును. కొన్నాళ్లకు బడికే దూరమగును. ఈ నష్టమును మొదటనే ఆపుటకు మన యిండ్లలో ఖర్చులేని సాధన మొకటి కలదు. అది కథ.

ఇది క్రొత్త మాట కాదు. 1920లో గుజరాతునందలి భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజూభాయి బధేకా పసిపిల్లల చదువునకు కథయే తొలిమెట్టని నమ్మెను. ఆయన రచించిన ‘దివాస్వప్నము’న ఉపాధ్యాయుడు అల్లరి తరగతిని బెత్తముతో గాక కథతో దారికి తెచ్చుకొనును. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమున అంగన్‌వాడీలకు పోషణతోపాటు బడికి ముందటి విద్యయు అప్పగింపబడినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు గల కాలమును చదువునకు పునాదిగా పేర్కొన్నది.

ఈ పని ఎట్లు జరుగునో చూతము. కావలి ప్రక్కన తుమ్మలపెంట వంటి సముద్రతీర గ్రామమున ఒక అంగన్‌వాడీని మనస్సునందు ఊహించుకొందము. కార్యకర్త పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని యిట్లు చెప్పును: “ఇసుకలో ఒక ఎఱ్ఱ పీత ఉన్నది. నల్ల కాకి దానిని చూచి తరిమినది. పీత తెల్లని ఇసుకపై నక్కినది, కాకి చూచినది. ఆకుపచ్చని తీగలో దూరినది. కాకి మరల చూచినది. గట్టుపై మూడు గుడ్డలు ఆరవేసియున్నవి. ఒకటి నీలము, ఒకటి పసుపు, ఒకటి ఎఱుపు. పీత ఏ గుడ్డపై కూర్చున్నయెడల కాకికి కనబడదు?”

ఇక పిల్లలు ఊరకుందురా? “ఎఱ్ఱ గుడ్డ!” అని ఒక్కుమ్మడిగా కేకవేయుదురు. రంగుబిళ్లను చూపి “ఇదేమి?” యని నూఱుసార్లు అడిగినను రాని జ్ఞానము ఇచట ఒక్క ప్రశ్నతో వచ్చును. పీత ప్రాణము రంగుపై నిలిచియున్నది గనుక బిడ్డకు రంగుతో పనిపడినది.

ఇచట రెండు సంగతులు గమనింపవలెను. మన భాషలో ‘పచ్చ’ యను మాట ఆకునకును చెల్లును, పసుపునకును చెల్లును. పసుపుకొమ్మును చూచి బిడ్డ “పచ్చ” యన్నచో తప్పని కసరరాదు. ఆ మాట యింట విన్నదే. “ఔను, పసుపుపచ్చ, ఆకుది ఆకుపచ్చ” యని విడదీసి చెప్పిన చాలును. ఎఱుపు, ఆకుపచ్చ రంగులను వేఱుపఱుపలేని దృష్టిలోపము కొందఱికి పుట్టుకతోనే యుండును. ఇది ఆడపిల్లలకంటె మగపిల్లలలో ఎక్కువ. పలుమాఱులు పొరపడు బిడ్డను మందమతి యని నిందింపక కంటివైద్యునికి చూపవలెను.

రంగుల తరువాత అక్షరములు. ఆ తీరపు కథలలో అల, వల, పడవ యను మాటలు దినదినము వచ్చును. కథ చెప్పి, బొమ్మ చూపి, దాని క్రింద మాట వ్రాసి చదివింపవలెను. ఈ మూడు మాటలలో అ, ల, వ, ప, డ అను అయిదు అక్షరములు కలవు. వీనిని గుర్తించిన బిడ్డ ‘వడ’ యను మాటను తానే చదువగలదు. ‘క’ యొక్కటి చేర్చిన కల, పలక, కడవ, పడక వచ్చును. తానెఱిగిన మాట తన కంటియెదుట అక్షరరూపమున నిలిచినపుడు బిడ్డకు కలుగు సంతోషము వర్ణనాతీతము. గుణింతములు, వత్తులు తరువాత క్రమముగా వచ్చును. వీధిబడులలో ఇసుకపై వ్రేలితో దిద్దించుట మన పెద్దలెఱిగినదే. తీరమున ఇసుకకు కొఱతలేదు. కాని మూడు నాలుగేండ్ల బిడ్డచే బలవంతముగా వ్రాయింపరాదు. ఆ వయస్సున వినుట, పలుకుటయే చదువు.

కొన్ని యిండ్లలో పలుకుబడి బడిమాటకంటె వేఱుగా నుండును. గిడుగు వెంకట రామమూర్తి సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాషను నేర్చి పుస్తకములు సిద్ధపఱచెను. ఆ మార్గమే మనకును మార్గము. కథను మొదట ఇంటిమాటలో చెప్పి, పిదప బడిమాటకు తేవలెను. తన మాటను ఎగతాళి చేసినచోట బిడ్డ నోరు విప్పదు. నోరు విప్పని బిడ్డకు చదువు రాదు.

ఇందు పంచాయతీ చేయదగిన దేమి? 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, స్త్రీ శిశు అభివృద్ధి వానిలోనివే. కావున ఇది పరుల పని కాదు. సభ్యులు నెలకొకమాఱు అంగన్‌వాడీకి పోయి ఒక కథ ముగియువఱకు పిల్లలతో కూర్చుండవలెను. కథలు చెప్పగల అవ్వలను, వలలల్లు తాతలను వారమున కొకనాడు పిలిపింపవలెను. గోడలపై ఊరి వస్తువుల బొమ్మలు, వాని పేర్లు పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ఇంటిపన్నుతో గ్రంథాలయ సుంకమును వసూలు చేయుచున్నాము గనుక మన పిల్లలకు బొమ్మల పుస్తకములు ఎన్ని వచ్చినవని అడుగుట మన హక్కు.

ఇకమీదట అంగన్‌వాడీలో అడుగుపెట్టినపుడు “ఎన్ని అక్షరములు వచ్చినవి?” అని బిడ్డను ప్రశ్నింపకుందము. “ఏ కథ విన్నావమ్మా? మాకును చెప్పుము” అని అడుగుదము. చెప్పుటకు ఆ బిడ్డ నోరు విప్పినచో మన యూరిలో చదువు మొదలైనట్లే.