నిలువ బ్రెడ్డుతో పండ్ల పుడ్డింగు, బత్తాయి నిమ్మరసపు పాకము

పంటను అమ్ముకొనుటయందు ఎంత జాగరూకత వలయునో, అమ్ముడుపోక మిగిలిన దానిని ఇంట వినియోగించుకొనుటయందును అంత జాగరూకత వలయును. నిమ్మకు వేసవిలో గిరాకి హెచ్చు; వానకాలమున ధర తగ్గును. అట్టి దినములలో మచ్చపడిన కాయలను తెనాలి మార్కెట్టునకు చేర్చినను బండి కూలి గిట్టుట కష్టము. కృష్ణాతీరపు లంకభూముల అరటిపండ్లు బాగుగా మాగిన పిదప రెండు మూడు దినములకు మించి నిలువవు. ఇంటికి తెచ్చిన బ్రెడ్డు మరునాటికే గట్టిపడును. ఈ మూడింటిని చక్కని ఫలహారముగా మార్చు విధమును ఈ పాఠమున వివరింతుము.

ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. హైదరాబాదులో ప్రసిద్ధమైన డబల్ కా మీఠాయందు బ్రెడ్డు ముక్కలను నేతిలో వేయించి, చక్కెరపాకములోను పాలలోను నానవేయుదురు. పుడ్డింగునందు ముక్కలను వేయింపరు. పాలు, గ్రుడ్లు కలిసి ఆవిరికి గట్టిపడి ముక్కలను పట్టి ఉంచును. కావున నేయి మిగులును.

కావలసినవి: ఆరుగురికి బ్రెడ్డు ముక్కలు 6, పాలు అర లీటరు, కోడిగ్రుడ్లు 3, చక్కెర 75 గ్రాములు, మాగిన అరటిపండ్లు 2, ఎండు ద్రాక్ష గుప్పెడు, ఏలకులు 2, నేయి ఒక చెంచా. పాకమునకు బత్తాయిలు 2, నిమ్మకాయ 1, బెల్లము 75 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒక పెద్ద చెంచా.

చేయు విధము: గిన్నెకు నేయి రాచి, బ్రెడ్డు ముక్కలను, అరటి చక్రములను, ద్రాక్షను వరుసలుగా పేర్చవలెను. పాలు గోరువెచ్చగా నుండగా చక్కెర, ఏలకులపొడి, గిలకొట్టిన గ్రుడ్లు కలిపి పైన పోసి, పావుగంట నానబెట్టవలెను. పిదప గిన్నెపై పళ్లెము మూసి, ఇడ్లీపాత్రలో సన్నని సెగపై సుమారు 40 నిమిషములు ఉడికింపవలెను. నడుమ పుల్ల గ్రుచ్చినచో తడి పాలు అంటకుండ రావలెను. గ్రుడ్లు తిననివారు అర లీటరు పాలలో మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోరును, చక్కెరను కలిపి చిక్కగా ఉడికించి ముక్కలపై పోసి చల్లార్చిన చాలును.

ఇందు గ్రహింపవలసిన విషయములు రెండు. గ్రుడ్డు కలిసిన పాలు నీరు మరుగు వేడికి తక్కువగానే, సుమారు 80 డిగ్రీలకే గట్టిపడును. సెగ మితిమీరినచో ఆ ముద్ద బిగిసి, నీరు విడిపోవును. రెండవది, పులుపు తగిలిన పాలు విరుగును. కావుననే నిమ్మ, బత్తాయి రసములను పుడ్డింగులో కలుపక, వేరుగా పాకము చేసి వడ్డించునపుడు పోయుదురు. బెల్లము వేసి కాచిన పాలును తరచుగా విరుగును గనుక పాలకు చక్కెరను, పాకమునకు బెల్లమును వాడవలెను.

పాకము: బెల్లమును కప్పు నీటిలో కరగించి వడకట్టి, పొయ్యిమీద పెట్టవలెను. చన్నీటిలో కలిపిన కార్న్‌ఫ్లోరును అందు పోసి, చిక్కబడువరకు త్రిప్పుచుండవలెను. పిదప బత్తాయి రసము చేర్చి ఒక్క పొంగు రానిచ్చి దింపవలెను. పులుపుతో ఎక్కువసేపు మరిగిన పిండి పలుచబడును. నిమ్మరసమును దింపిన తరువాతనే పిండవలెను. అపుడే సువాసన నిలుచును. నిమ్మతొక్క పైపొరను కొంచెము కోరి వేయవచ్చును గాని, లోపలి తెల్లని పొర చేదు.

జాగ్రత్తలు: గట్టిపడిన బ్రెడ్డు పనికివచ్చును, బూజు పట్టినది పనికిరాదు. బూజు పోగులు కంటికి కనబడక లోపలికి వ్యాపించును గనుక, బూజును గీకివేసి తక్కినది వాడుట ప్రమాదము. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెలలో పుల్లని రసము ఉంచినచో కిలుము పుట్టి విషమగును. స్టీలు గిన్నెయే మేలు. మందు చల్లిన పిదప డబ్బాపై వ్రాసిన గడువు తీరని తోటకాయలను కోయనే రాదు. మిరపకోతనుండి వచ్చినవారు చేతులను సబ్బుతో బాగుగా కడుగుకొన్న పిదపనే పిండి, పండ్లు ముట్టవలెను. మన యెండలకు ఈ పుడ్డింగు బయట ఒక గంటకు మించి నిలువ యుండరాదు.

మంచి కాయ మార్కెట్టునకు పోవలెను. మచ్చకాయ ఇంట పిల్లల పళ్లెములోనికి రావలెను. పెంటకుప్పకు మాత్రము ఏదియు పోరాదు.