కాఫీ యంత్రానికి కొయ్య పీఠం – ఒక క్రియాత్మక పాఠం

పునాది బలహీనమైతే మేడ ఎంత అందమైనదైనా నిలువదు. ఈ సత్యం భవనాలకే గాక, మన వంటింటిలోని చిన్న పనిముట్టుకు సైతం వర్తిస్తుంది. మా ఇంట జరిగిన ఒక చిన్న ప్రమాదం ఈ విషయాన్ని మాకు మరపురాని విధంగా నేర్పింది. ఆ పాఠాన్నే విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

'కాఫీ' అనే మాట అరబ్బీలోని 'ఖహ్వా' నుండి పుట్టింది. పదిహేనవ శతాబ్దంలో యెమెన్‌లోని సూఫీలు రాత్రి ధ్యానంలో నిద్ర రాకుండా ఈ పానీయాన్ని సేవించేవారు. బాబా బుడన్ అనే సాధువు ఏడు గింజలను చిక్కమగళూరు కొండలకు తెచ్చినట్లు ఐతిహ్యం. నేడు మన తెలుగువారి అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇక ఆవిరి ఒత్తిడితో కప్పు కప్పుగా కాఫీ తీసే యంత్రానికి ఇటలీలో 1901లో లుయీజీ బెజ్జెరా పేటెంటు పొందాడు. ఆవిరికి బదులు ముషలకంతో వేడినీటిని నొక్కే పద్ధతికి అకీలె గజ్జియా 1938లో పేటెంటు కోరాడు. చేతితో మీట నొక్కి ఎస్ప్రెస్సో తీసే నేటి చిన్న యంత్రాలు ఆ మార్గంలోనివే.

అటువంటి యంత్రం ఒకటి మా ఇంటికి వచ్చింది. వంటగట్టు గ్రానైటు రాయి నున్నగా ఉండుటచే యంత్రం జారసాగింది. మేము తొందరపడి, తలుపుల పనిలో మిగిలిన 20 సెంటీమీటర్ల వెడల్పు పలకను దాని క్రింద పెట్టాము. యంత్రపు పాదం పొడవు 30 సెంటీమీటర్లు. ముందువైపు 10 సెంటీమీటర్లు గాలిలోనే ఉండిపోయింది. మూడవనాడు మీట నొక్కగానే యంత్రం ముందుకు ఒరిగి, వేడినీరు మా చేతిమీద పడింది. పక్కన నిలిచియున్న పసివాడు అడుగు దూరంలో తప్పించుకున్నాడు. చేతి మంట తగ్గినా, ఆ అడుగు దూరం తలపుకు వచ్చినప్పుడల్లా గుండె జల్లుమంటుంది.

ఎందుకు ఒరిగింది?

ఎస్ప్రెస్సోకు సుమారు 9 బార్ల ఒత్తిడి కావలెను. ముషలకం వ్యాసం 4 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 12.57 చదరపు సెంటీమీటర్లు. దానిపై పనిచేసే బలం సుమారు 115 కిలోల బరువుకు సమానం. మీట ఆ బలాన్ని ఆరో వంతుకు తగ్గిస్తే, చేయి నొక్కవలసినది దాదాపు 19 కిలోలు. మా చేయి నొక్కిన చోటు పలక అంచుకు 8 సెంటీమీటర్లు ముందు ఉన్నది. పడద్రోసే భ్రామకం 19 × 8 = 152. యంత్రం బరువు రెండున్నర కిలోలు; దాని గరిమనాభి అంచుకు 8 సెంటీమీటర్లు వెనుక ఉన్నందున, నిలబెట్టే భ్రామకం 20 మాత్రమే. ఇంక ఒరగక ఏమి చేయును? కనుక చేయి నొక్కే రేఖ ఎల్లప్పుడు పీఠం లోపలనే పడవలెను. ఇదే మొదటి సూత్రం.

నిర్మాణ విధానం

కొయ్యకు కొదువలేని సీమ మనది. అయినా అడవి దగ్గర ఉన్నది గదా అని చెట్టుపై గొడ్డలి వేయరాదు. అనుమతి లేక టేకు కొట్టుట 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. సామిల్లులో మిగిలిన ముక్కలను రసీదుతో కొనుట ఉత్తమం. పచ్చికొయ్య ఎండేకొద్దీ వంగుతుంది, చీలుతుంది. అందుచేత బాగా ఆరిన టేకునే ఎన్నుకోవలెను.

మా రెండవ పీఠం 36 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 4 మందం. టేకు సాంద్రతను బట్టి దాని బరువు రెండుంబావు కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఆ బరువూ మనకు మేలే. ముందుగా పలకను చిత్రిక పట్టి, మూలమట్టంతో మూలలు సరిచూడవలెను. యంత్రపు పాదం చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట నాలుగు అడ్డుపట్టీలు బిగించవలెను; అప్పుడు యంత్రం కదలదు, కడుగుటకు పైకి ఎత్తవచ్చును. మరలకు ముందుగా బరమాతో సన్నని రంధ్రం చేయనిచో కొయ్య పగులుతుంది. క్రింద నాలుగు మూలల రబ్బరు బిళ్ళలు అతికించిన గట్టుపై జారదు. గరుకు కాగితంతో నునుపు చేసి అవిసె నూనె పట్టించవలెను. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పారవేయరాదు. అది తనంతట తానే వేడెక్కి అంటుకొనవచ్చును. విప్పి ఆరుబయట పరచి ఆరవేయవలెను.

చివరగా చన్నీటితో పదిమార్లు నొక్కి పరీక్షించిన పిదపనే వేడినీరు పోయవలెను. పిల్లలను దూరంగా ఉంచుట మాత్రం ఏ పీఠమూ చేయలేని పని; అది పెద్దల బాధ్యత.

మేము పాఠం చెప్పే గదిలో భ్రామకం నల్లబల్లపై ఒక సూత్రం మాత్రమే. వంటింటిలో అది కాలిన చేయి. చదివిన దానిని చేతలతో సరిచూచుకొనే అలవాటు విద్యార్థులకు ఉన్నచో, ఆ సూత్రం గాయమై గాక, కాపుదలగా వారి వెంట నడుస్తుంది.